ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు: ఒక తర్కపు పజిల్ ప్రాజెక్టు డైరీ

ఆదివారం

ముందు పజిల్ చెప్పేస్తాను. ఐదుగురు ప్రయాణికులు: సుధ, రమణ, ఫాతిమా, జోసెఫ్, లలిత. ఐదు ఊళ్లు: కైరో, లిస్బన్, ఓస్లో, నైరోబీ, హనోయ్. ఒకే నెలలో ఐదు తేదీలు: 3, 7, 11, 15, 19. ఒక్కొక్కరు ఒక్కో ఊరికి ఒక్కో తేదీన బయలుదేరారు. ఏ ఇద్దరికీ ఊరు కలవదు, తేదీ కలవదు. ఎవరు ఎక్కడికి, ఎప్పుడు వెళ్లారో తేల్చడానికి ఉన్న ఆధారాలు ఐదే.

1. కైరో వెళ్లినవారు సుధ కంటే సరిగ్గా నాలుగు రోజుల ముందు బయలుదేరారు.
2. రమణ బయలుదేరింది ఫాతిమా తర్వాతే.
3. జోసెఫ్, ఫాతిమాలలో ఒకరు లిస్బన్ వెళ్లారు, మరొకరు 7వ తేదీన బయలుదేరారు.
4. నైరోబీ వెళ్లినవారు ఓస్లో వెళ్లినవారి కంటే సరిగ్గా ఎనిమిది రోజుల ముందు బయలుదేరారు.
5. ఓస్లో వెళ్లినవారు బయలుదేరాకే ఫాతిమా బయలుదేరారు.

దీన్ని నేనే కట్టాను. ఇందులో లలిత పేరు గానీ హనోయ్ పేరు గానీ ఏ ఆధారంలోనూ రాదు. అది కావాలని చేసిన పనే. అందరి లెక్కా తేలాక మిగిలినవారికి మిగిలిన ఊరు దక్కడం ఈ రకం పజిళ్లలో నాకు ఎప్పుడూ నచ్చే మలుపు.

ప్రాజెక్టు సంగతికొస్తే, ఇలాంటి పజిల్ ఇస్తే జవాబు చెప్పే ప్రోగ్రాములు కావలసినన్ని ఉన్నాయి. నాకు కావలసింది అది కాదు. కాగితం, పెన్సిలు పట్టుకున్న మనిషి ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేస్తే ఊహాగానం లేకుండా చివరికి చేరతాడో ఆ దారిని మాటల్లో చెప్పే ప్రోగ్రాము కావాలి. జవాబు ఒక్కటే ఉండటం ఒక గుణం, ఆ జవాబుకు నడవదగిన దారి ఉండటం ఇంకో గుణం. మొదటిది ఉండి రెండోది లేని పజిల్ చేస్తూ మధ్యలో విసుగొచ్చి పక్కన పడేసిన అనుభవం, ఇవి చేసే ప్రతివారికీ ఉంటుంది.

ఆదివారమే, ఇంకా

కోడ్ ముట్టుకోకముందు కాగితం మీద చేసి చూశాను. ప్రోగ్రాము ఏం చెప్పాలో నాకు ముందే తెలియాలి కదా.

ఈ పజిళ్లకు వాడే గళ్ల పట్టికలో మూడు చతురస్రాలు ఉంటాయి. మనుషులకూ ఊళ్లకూ ఒకటి, మనుషులకూ తేదీలకూ ఒకటి, ఊళ్లకూ తేదీలకూ ఒకటి. ఒక్కోదానిలో 25 గళ్లు, మొత్తం 75. కుదిరిన చోట టిక్కు, కుదరని చోట ఇంటూ. ఒక టిక్కు పడిందంటే దాని అడ్డ వరుసలో నాలుగు, నిలువు వరుసలో నాలుగు, మొత్తం ఎనిమిది ఇంటూలు వాటంతట అవే వచ్చేస్తాయి.

ఆధారాల్ని చదవగానే ఎన్ని ఇంటూలు పెట్టవచ్చో చాలామంది సగమే చూస్తారు. మూడో ఆధారం తీసుకోండి. లిస్బన్ వెళ్లింది జోసెఫో ఫాతిమానో కనుక సుధ, రమణ, లలితలకు లిస్బన్ దగ్గర ఇంటూ. 7వ తేదీ కూడా ఆ ఇద్దరిలో ఒకరిదే కనుక ఆ ముగ్గురికీ 7 దగ్గర మళ్లీ ఇంటూ. ఇక్కడికి ఆరు. ఏడోది దాక్కుని ఉంటుంది: ‘ఒకరు’, ‘మరొకరు’ అన్నారు కాబట్టి లిస్బన్ వెళ్లినవారూ 7న బయలుదేరినవారూ వేరువేరు మనుషులు. అంటే ఊళ్ల, తేదీల చతురస్రంలో లిస్బన్, 7 కలిసే గడిలో కూడా ఇంటూ పడాలి. ఒక్క వాక్యానికి ఏడు ఇంటూలు. మొదటి ఆధారం మూడు ఇస్తుంది: సుధకు కైరో కాదు, సుధకు 3 కాదు, కైరోకు 19 కాదు.

ఇక అసలు ముడి విడేది ఇలా. ఓస్లో నైరోబీ తర్వాత ఎనిమిది రోజులకు వస్తుంది కనుక ఓస్లోకు 3 కుదరదు, 7 కుదరదు. మిగిలినవి 11, 15, 19. ఫాతిమా ఓస్లో తర్వాత కనుక ఆమెకు 15 లేదా 19. రమణ ఫాతిమా తర్వాత కనుక అతనికి 19 ఒక్కటే దిక్కు. ఇప్పుడు వచ్చిన దారినే వెనక్కి నడవాలి. 19 రమణ పట్టుకుపోయాడు కనుక ఫాతిమాకు 15. ఫాతిమా 15న కనుక ఓస్లో 11న. ఓస్లో 11 కనుక నైరోబీ 3. నాలుగు తేదీలు ఒక్క ఊపులో తేలిపోయాయి. వీటిలో ఏ ఆధారమూ ఒంటరిగా ఒక్క టిక్కు కూడా ఇవ్వదు.

తక్కినది త్వరగా అయిపోతుంది. ఫాతిమా 15న వెళ్లింది కనుక 7 జోసెఫ్‌ది, లిస్బన్ ఫాతిమాది. తేదీ తేలని ఊళ్లు కైరో, హనోయ్. తేలని తేదీలు 7, 19. కైరో 19న అయితే సుధ 23న వెళ్లాలి, అలాంటి తేదీ లేదు. కనుక కైరో 7న, సుధ 11న, అంటే సుధ వెళ్లింది ఓస్లోకు. హనోయ్ రమణకు, 3వ తేదీ, నైరోబీ లలితకు.

సోమవారం

మొదటి కూర్పు అడ్డంగా అన్నీ తడిమి చూసే రకం. తేదీల వరుసలో మనుషుల్ని నిలబెట్టే తీరులు, అంటే ప్రస్తారాలు, 120, ఊళ్లను నిలబెట్టేవి 120. రెంటినీ జతచేస్తే 14,400. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రస్తారాలు తయారుచేసి ఇచ్చే సాధనం సిద్ధంగానే ఉంది. దాని చుట్టూ రెండు లూపులు (ఒకే పనిని తిప్పి తిప్పి చేయించేవి), లోపల ఐదు షరతులు. రెప్పపాటులో ఒకే ఒక్క జవాబు బయటికి వచ్చింది. కాగితం మీద వచ్చినదే.

కొంచెం ముందుచూపు ఉంటే 14,400 కూడా అక్కర్లేదు. రెండో ఆధారం మనుషుల గురించే మాట్లాడుతుంది, అది 120ని 60 చేస్తుంది. నాలుగో ఆధారం ఊళ్ల గురించే మాట్లాడుతుంది, అది 120ని 18 చేస్తుంది. జత చేయకముందే వడపోస్తే మిగిలేవి 1,080. ఇంత చిన్న పజిల్‌కు ఈ పొదుపు అనవసరమే. కానీ మనుషులు, ఊళ్లు, తేదీలు లాంటి వర్గాలు పెరిగితే సంఖ్యలు మాట వినవు. 1962 డిసెంబరు 17 నాటి ‘లైఫ్ ఇంటర్నేషనల్’ సంచికలో అచ్చయిన జీబ్రా పజిల్‌లో ఐదు ఇళ్లు, ఒక్కో ఇంటికి ఐదు లక్షణాలు. అక్కడ అమరికలు 120ని ఐదుసార్లు హెచ్చించినన్ని, అంటే 2,488 కోట్ల 32 లక్షలు. అన్నట్టు, దాన్ని ఐన్‌స్టైన్ కట్టాడనీ, వందలో ఇద్దరే చేయగలరనీ తిరిగే మాటకు ఆధారమేమీ లేదు.

ఈ తడిమి చూసే ప్రోగ్రాముతో జవాబు ఒక్కటేనని రుజువైంది. ఎలా వచ్చిందని అడిగితే మాత్రం ‘మిగతా 14,399 కుదరలేదు’ అనడం తప్ప దాని దగ్గర సమాధానం లేదు. దాన్ని పారేయలేదు. ఇకమీదట వచ్చే ప్రతి కూర్పుకూ అది సాక్షి. కొత్త కూర్పు చెప్పిన జవాబు దీనితో సరిపోలితేనే ముందుకు.

మంగళవారం

సాక్షి చేతిలో ఉంది కదా అని ఇంకో పని చేయించాను. ఒక్కో ఆధారానికి విడిగా ఎంత బలం ఉందో కొలవమన్నాను. 14,400లో ఆ ఒక్క ఆధారాన్ని మాత్రమే పెడితే ఎన్ని అమరికలు మిగులుతాయి? మూడో ఆధారం పెడితే 1,152. నాలుగోదానికి 2,160. మొదటిదానికి 2,304. ఐదోదానికి 5,760. రెండోది అన్నిటికంటే బలహీనం, సరిగ్గా సగం కొట్టేసి 7,200 మిగిల్చింది. ‘ఇతని తర్వాత ఆమె’ తరహా ఆధారం ఎప్పుడూ ఇలా చప్పగానే ఉంటుంది.

తర్వాత తిరగేసి అడిగాను. ఐదింటిలో ఒకదాన్ని తీసేస్తే ఎన్ని జవాబులు వస్తాయి? మొదటిది తీస్తే 4. రెండోది తీస్తే 6. మూడోది తీస్తే 4. నాలుగోది తీస్తే 16. ఐదోది తీస్తే 18.

ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఒంటరిగా అందరికంటే బలమైన మూడో ఆధారాన్ని తీసేసినా పజిల్ పెద్దగా చెదరలేదు, నాలుగు జవాబుల దగ్గర ఆగింది. ఒంటరిగా బలహీనుల్లో రెండోదైన ఐదో ఆధారాన్ని తీస్తే పజిల్ మొత్తం వదులైపోయింది. కారణం వెతికితే పైన రాసిన నడకలోనే ఉంది. నైరోబీ, ఓస్లో, ఫాతిమా, రమణ ఒక గొలుసు. నాలుగో ఆధారం నైరోబీని ఓస్లోకు కట్టింది, ఐదోది ఓస్లోను ఫాతిమాకు, రెండోది ఫాతిమాను రమణకు. ఐదోది నడిమి కొక్కెం. దాన్ని విప్పితే గొలుసు రెండు ముక్కలై, ఏ ముక్కా తేదీల మీద బిగుసుకోదు. రెండోది చివరి కొక్కెం, విప్పినా మిగతా మూడూ కలిసే ఉంటాయి, అందుకే ఆరుతో సరిపెట్టుకుంది. నాలుగోది కూడా చివరిదే, కానీ ఎనిమిది రోజుల ఎడం అందులోనే ఉంది. అది పోతే గొలుసు పొడవు సగానికి పడిపోతుంది.

పజిల్ కట్టేవాళ్లు ‘బలమైన ఆధారం’ అని ఏకాకిగా అంచనా వేయడం మీద నాకు ఇక నమ్మకం లేదు. ఆధారం బలం దాని పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఏ ఒక్కటి తీసినా ఒకటికి మించి జవాబులు వస్తున్నాయి కనుక ఈ పజిల్‌లో అదనపు ఆధారం ఒక్కటీ లేదని కూడా దీనితో తేలింది.

గురువారం

అసలు కూర్పు మొదలైంది. గళ్లు 75ని అవును, కాదు అనే చలరాశులుగా (విలువ ఇంకా తేలని పేర్లుగా) పెట్టుకోవడం ఒక పద్ధతి. కానీ నేను పది చలరాశులే తీసుకున్నాను: ఐదుగురు మనుషులు, ఐదు ఊళ్లు. ఒక్కోదాని దగ్గర ఇంకా సాధ్యమయ్యే తేదీల జాబితా ఉంటుంది, మొదట్లో అందరికీ ఐదేసి. ఒక మనిషికీ ఒక ఊరికీ ఒకే తేదీ మిగిలితే ఆ మనిషి ఆ ఊరికి వెళ్లినట్టే. మనిషికీ ఊరికీ ఉమ్మడి తేదీ ఒక్కటీ లేకపోతే ఆ జత అసాధ్యం.

పని జరిగే తీరు సులువు. ఎవరి జాబితా అయినా కుదించుకుపోతే వారి పేరు ఉన్న ఆధారాల్ని మాత్రమే మళ్లీ వరుసలో నిలబెట్టాలి. వరుస ఖాళీ అయ్యేదాకా ఒక్కో ఆధారాన్ని తీసి, దానికి సరిపడని తేదీల్ని కొట్టేస్తూ పోవాలి. 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ మాక్‌వర్త్ ఏసీ-3 అన్న పేరుతో రాసిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఇద్దరి మధ్య షరతులకు అది చక్కగా సరిపోతుంది. మూడో ఆధారం లాంటి ‘ఇదో, అదో’ రకానికి మాత్రం నేను విడిగా చిన్న ప్రమేయం (ఒకే పని చేసే కోడ్ ముక్క) రాయాల్సి వచ్చింది. రెండు దారుల్లో ఒకటి మూసుకుపోయిందా అని అది ప్రతిసారీ చూస్తుంది, మూసుకుపోతే రెండోదాన్ని నిజం చేస్తుంది.

ఇలాంటి పజిళ్లకు ప్రోలాగ్ ఉండగా పైథాన్ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 1972 ప్రాంతంలో మార్సేలో పుట్టిన ఆ భాషలో ఈ ఐదు ఆధారాల్నీ దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాసెయ్యవచ్చు, వెతుకులాట అంతా అదే చూసుకుంటుంది. నాకు అదే ఇబ్బంది. వెతుకులాటే నాకు కావాలి, కళ్లముందు జరగాలి.

రాత్రికి ప్రోగ్రాము తన నడకను తెర మీద రాసింది. ఓస్లో నుంచి 3, 7 పోయాయి. నైరోబీ నుంచి 15, 19 పోయాయి. ఫాతిమా నుంచి 3, 7, 11 పోయాయి. రమణకు 19 మిగిలింది. ఫాతిమా, ఓస్లో, నైరోబీ వరసగా తేలాయి. కాగితం మీద నేను నడిచిన దారే, గడి పొల్లు పోకుండా.

శనివారం

మా అక్కకు ఈ పజిళ్లంటే ప్రాణం. జవాబు చూపకుండా ఐదు ఆధారాలూ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. నేను ఎదురుచూసింది గొలుసు దారి. ఆమె మొదట పట్టుకుంది మూడో ఆధారాన్ని.

“ఫాతిమా 7న వెళ్లిందనుకుందాం. ఓస్లో ఆమె కంటే ముందు అంటున్నావు, అంటే 3న. నైరోబీ దానికి ఎనిమిది రోజుల ముందు, అంటే పోయిన నెల. కాబట్టి 7 జోసెఫ్‌ది, లిస్బన్ ఫాతిమాది. ఇప్పుడు తక్కినవి చూద్దాం.”

ఆ తర్వాతే గొలుసు దగ్గరికి వెళ్లింది. అప్పటికే లిస్బన్ ఎవరిదో తెలుసు కనుక ఆమె పని నాకంటే తేలికైంది. ప్రోగ్రాము రాసిన నడకను చూపిస్తే చదివి, “లెక్క సరే. కానీ ఇలా ఎవరు ఆలోచిస్తారురా? ఒక అడుగు నైరోబీలో, ఇంకో అడుగు జోసెఫ్ దగ్గర. చేతిలో ఉన్న దారం వదిలేసి ఇంకో దారం పట్టుకుంటోంది” అంది.

అది నిజం. వరుసలో ముందు ఎవరు నిలబడితే వారిని పిలవడమే ప్రోగ్రాముకు తెలుసు. మనిషి అలా చేయడు. ఇప్పుడే ఫాతిమా తేదీ తేలిందంటే కళ్లు ఫాతిమా పేరున్న మిగతా ఆధారాల మీదికే వెళ్తాయి. అందుకని వరుసను తీసేసి, ప్రతి అడుగుకూ ఒక ఖరీదు కట్టాను. ఆధారంలో నేరుగా ఉన్న ఇంటూ అన్నిటికంటే చవక. పట్టికలో ఒక వరుసకు ఒకే గడి మిగలడం దాని తర్వాత. రెండు చతురస్రాల మధ్య సంగతి మోసుకెళ్లడం, అంటే ‘ఇతను 7న, 7న వెళ్లింది కైరో, కనుక ఇతను కైరో’ తరహా అడుగు, ఇంకొంచెం ఖరీదు. కిందటి అడుగులో తేలిన పేరునే ముట్టుకునే అడుగైతే రాయితీ. ప్రోగ్రాము ఎప్పుడూ అన్నిటికంటే చవకైన అడుగే వేయాలి.

అక్క వేసిన ‘అనుకుందాం’ అడుగుకు ఎంత కట్టాలన్నదే చిక్కు. ఊహించి చూడటాన్ని ఈ పజిళ్లలో మెట్టు దిగిన పనిగా చూసేవాళ్లున్నారు. గొలుసంతా పట్టుకోకుండా ‘ఇలా అనుకుందాం’ అనడం మోసమన్నట్టు మాట్లాడతారు. నా లెక్కలో అది సరికాదు. అక్క ఊహ రెండే అడుగుల్లో గోడకు కొట్టుకుంది. అదే సమయంలో గొలుసు దారి, టిక్కు పడేలోపే, ఓస్లో, ఫాతిమా, రమణ ముగ్గురి జాబితాల్నీ బుర్రలో ఒకేసారి పట్టుకోమంటుంది. ఏది తేలిక? అందుకని ఊహకు స్థిరమైన ధర పెట్టలేదు. ఊహ నుంచి వైరుధ్యం దాకా ఎన్ని అడుగులో అంత ఖరీదు. రెండడుగుల ఊహ గొలుసు కంటే చవక. నాలుగు దాటితే దానంత ఖరీదైనది లేదు, ఎందుకంటే అక్కడ మనిషి పెన్సిలుతో పెట్టిన గుర్తుల్ని చెరుపుకోవడం మొదలుపెడతాడు.

ఈ ధరలతో నడిపితే ప్రోగ్రాము మూడో ఆధారంతో మొదలుపెట్టింది. అక్క చదివి ఇంకేం అనలేదు.

సోమవారం

నడకను తెలుగు వాక్యాలుగా రాయించడం ఒక పూట పని అనుకుని కూర్చుంటే అందులో చిక్కులు వేరు. ఓస్లోకు, కైరోకు, లిస్బన్‌కు, కానీ నైరోబీకి. పేరు ఇకారంతో ముగిస్తే ‘కి’, కాకపోతే ‘కు’ అని ఒక చిన్న నియమం రాస్తే ఈ ఊళ్లకు సరిపోయింది.

రెండో చిక్కు అలాంటిది కాదు, అది పజిల్‌నే పాడుచేసేది. ‘కైరో వెళ్లినవాడు సుధ కంటే నాలుగు రోజుల ముందు బయలుదేరాడు’ అని రాశామనుకోండి. ఆ క్రియ వల్లే కైరో వెళ్లింది మగవాడని తెలిసిపోయింది, అంటే రమణో జోసెఫో. రాసేవారి ఉద్దేశం లేకుండా ముగ్గురికి కైరో దగ్గర ఇంటూ పడింది. మన భాషలో క్రియే లింగం చెప్పేస్తుంది కనుక ఊరితోనో తేదీతోనో ఒక వ్యక్తిని సూచించే ప్రతిచోటా ‘వెళ్లినవారు’, ‘బయలుదేరారు’ అని గౌరవ వాచకమే వాడాలి. ఈ కారణంగానే పైన ఐదు ఆధారాలూ అలా ఉన్నాయి. నడకను వివరించే వాక్యాల్లో, తేలిపోయిన వ్యక్తి గురించి మాట్లాడేటప్పుడు, ఈ జాగ్రత్త అక్కర్లేదు. ఉద్దేశపూర్వకంగా వాడుకుంటే ఇది మంచి ఆధారం కూడా, కానీ చదివేవారికి అది ఆట నియమంలో భాగమని ముందే చెప్పాలి.

మూడోది ‘ముందు’. వెంటనే ముందా, ఎప్పుడో ముందా? రోజుల సంఖ్య ఉన్న ప్రతిచోటా ‘సరిగ్గా’ పెట్టాను. సంఖ్య లేకపోతే ఎంత ముందైనా కావచ్చని పజిల్ పైన ఒక వాక్యం రాయిస్తున్నాను.

బుధవారం

ఇప్పుడు ప్రోగ్రామే పజిళ్లు కట్టాలి. పద్ధతి తెలిసినదే. ఒక జవాబు ముందే ఎంచుకుని, దానికి నిజమయ్యే ఆధారాలన్నీ పుట్టించి, ఒక్కోటి తీసేస్తూ పోవాలి. తీశాక జవాబు ఒక్కటే మిగిలితే అది అక్కర్లేని ఆధారం, పారేయాలి. జవాబులు పెరిగితే వెనక్కి పెట్టాలి. ఇక్కడ మొదటి సోమవారం నాటి సాక్షి మళ్లీ పనికొచ్చింది.

ఏ వరుసలో తీస్తామన్నదే అంతా. ‘సుధ ఓస్లో వెళ్లింది’ లాంటి బట్టబయలు ఆధారాల్ని చివర తీయబోతే అవే మిగిలిపోతాయి, పజిల్ చప్పబడుతుంది. వాటిని మొదటే తీసేస్తే ‘తర్వాత’, ‘ముందు’ రకం మిగిలి గొలుసులు వాటంతట అవే ఏర్పడతాయి. నేను ఇంకో షరతు చేర్చాను: మిగిలిన ఆధారాలతో ఖరీదైన ఊహ అవసరమైతే ఆ పజిల్‌ను తిరస్కరించాలి. అదనపు ఆధారం లేకపోవడం కట్టేవాడికి అందంగా కనిపిస్తుంది, కానీ చేసేవాడికి ఒక ఆధారం ఎక్కువుంటే పోయేదేమీ లేదు. అదనంగా ఒకటి ఉంచితే దారి తేలికవుతుందనుకుంటే ప్రోగ్రాము దాన్ని ఉంచుతుంది.

తేదీల ఎడం మీద కూడా ఒక ప్రయోగం చేశాను. అన్నీ నాలుగేసి రోజుల ఎడంతో ఉండటం కృత్రిమంగా అనిపించి 2, 5, 9, 14, 20 ఇచ్చి చూశాను. పుట్టిన పజిళ్లు ఒక్కసారిగా తేలికైపోయాయి. ఐదు తేదీల మధ్య జతలు పది. 3, 7, 11, 15, 19లో నాలుగు రోజుల ఎడం నాలుగు చోట్ల వస్తుంది, ఎనిమిది మూడు చోట్ల, పన్నెండు రెండు చోట్ల, పదహారు ఒక్కచోటే. కొత్త తేదీల్లో మాత్రం ఎడాలు 3, 4, 5, 6, 7, 9, 11, 12, 15, 18. పదీ వేరువేరు. ‘సరిగ్గా ఏడు రోజుల తర్వాత’ అంటే 2, 9 తప్ప ఇంకేమీ కావు, ఒక్క ఆధారంతో రెండు టిక్కులు. ఏ రెండు గుర్తుల మధ్య దూరమూ మళ్లీ రాని ఇలాంటి అమరికను గణితంలో గోలంబ్ రూలర్ అంటారు. యాంటెన్నాల వరుసలు పేర్చేటప్పుడు అది వరం, ఇక్కడ మాత్రం శాపం. పజిల్ కట్టేవారు సమాన ఎడాలు పట్టుకుని వేలాడేది బద్ధకంతో కాదని ఇప్పుడు తెలుస్తోంది. రెండు మూడు ఎడాలు పునరావృతమయ్యే మధ్యరకం తేదీలు, ఉదాహరణకు 3, 7, 11, 13, 17 లాంటివి, రెండింటికంటే బాగుంటాయని నా అనుమానం. వాటితో ఇంకా నడపాలి.

ఈ ప్రోగ్రాము పరిధిలోకి రానివీ ఉన్నాయి. 2015లో సింగపూర్ నుంచి ప్రపంచమంతా తిరిగిన షెరిల్ పుట్టినరోజు లెక్కలో కూడా తేదీలే ఉంటాయి, పది తేదీల్లోంచి జూలై 16 తేల్చాలి. కానీ అక్కడ ఆధారాలు తేదీల గురించి కావు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం గురించి. అది వేరే ప్రాజెక్టు.

శుక్రవారం

కట్టేవాడు, చేసేవాడు, వివరించేవాడు, మూడు భాగాలూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. మిగిలింది మూడు వర్గాలు కాక నాలుగు వర్గాలు, అంటే ప్రయాణ సాధనం లాంటిది చేరిస్తే ఖరీదుల పట్టిక నిలబడుతుందా అన్నది. అమరికలు 17,28,000 అవుతాయి. సాక్షి కొంచెం నెమ్మదిస్తుంది గానీ ఆగదు.

ప్రోగ్రాము కట్టిన వాటిలో నాకు నచ్చినది కొత్త పజిల్ కాదు, పాతదానికే చిన్న మార్పు. ఒకటి, మూడు, నాలుగు, ఐదు ఆధారాల్ని ఉన్నవి ఉన్నట్టే ఉంచి రెండోదాని స్థానంలో ఇది పెట్టింది: ‘నైరోబీ వెళ్లినవారి కంటే రమణ ముందే బయలుదేరారు.’ జవాబు మళ్లీ ఒక్కటే, కానీ కిందటిసారి 7న వెళ్లిన జోసెఫ్ తప్ప ఎవరి తేదీ పాత చోట లేదు. అక్కకు పంపాను, మీరూ చేసి చూడండి.